ఉయ్యాల ఎక్కని వాళ్లను లెక్కపెట్టిన మేడమ్

మేడమ్ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను మా జూనియర్ కాలేజీ ల్యాబులో ఇంటర్ పిల్లల చేత బొద్దింకలు కోయిస్తున్నాను. ఫోను చేసింది ఆవిడ తమ్ముడి భార్య. "పొద్దున్నే కాఫీ ఇద్దామని వెళ్లాను. లేవలేదమ్మా. నిద్దట్లోనే పోయినట్టున్నారు" అంది. "నీకు మొదట చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టారు" అని కూడా అంది. సరేనండీ అన్నాను.

తిరిగి ల్యాబులోకి వచ్చి మిగిలిన అరగంటా ప్రాక్టికల్ పూర్తి చేయించాను. చేతిలో పని మధ్యలో వదిలేసి ఏడుస్తూ బయల్దేరానంటే పోయినావిడ లేచి కూర్చుని తిట్టి ఉండేవారు. పిల్లలు నా కళ్ల వంక చూసి ఏమైంది మేడమ్ అన్నారు. క్లోరోఫాం ఘాటు అన్నాను, నమ్మారు. ఆ పిల్లలు నన్నూ మేడమ్ అనే పిలుస్తారు. ఆ పిలుపు నాకు ఎప్పుడూ ఇంకొకరి జాకెట్టు తొడుక్కున్నట్టే ఉంటుంది. ఆ రోజు మరీను.

ఇది చదివే వాళ్లలో ఆవిడను ఎరిగినవాళ్లు కొందరుంటారు. కానీ పేరు చెబితే గుర్తుపట్టరు. పర్చూరు, అద్దంకి వైపు మిరప ఊళ్లలో ఆవిడ డాక్టరమ్మ. పరీక్షకని రక్తం తీస్తారు కాబట్టి కొన్ని ఊళ్లలో రక్తాలమ్మ. నేను మందులు రాసే డాక్టర్ని కాదమ్మా అని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు కాదు. మాకు, అంటే కాలేజీలో ఆవిడ దగ్గర పరిశోధన పని నేర్చుకున్నవాళ్లకు, మేడమ్. నేనూ అంతే రాస్తాను. పేరు ముందు బిరుదులు తగిలిస్తే ఆవిడకు గిట్టేది కాదు. "చీటీ అంటించాల్సింది సీసాకే, మనిషికి కాదు" అనేవారు.

ఆవిడ పని ఏమిటో తేలిగ్గా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మన మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంట్లో ఉప్పు నిలవాలన్నా, జ్వరాన్నో దెబ్బనో ఒళ్లు తట్టుకోవాలన్నా అవి తయారుచేసే హార్మోన్లు కావాలి. ఆ తయారీకి ఒక జన్యువు సరిగ్గా పనిచేయాలి. ఆ జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. రెండూ చెడినవే వచ్చింది ఆడబిడ్డకైతే పుట్టగానే ఒంట్లో తేడా కనిపిస్తుంది. మగబిడ్డ మాత్రం పుట్టినప్పుడు బొద్దుగా, ఏ లోపమూ లేనట్టే ఉంటాడు. వారం దాటాక పాలు కక్కుతాడు. ఉప్పంతా మూత్రంలో పోయి రెండు మూడు వారాల్లో కన్నుమూస్తాడు. తెలిస్తే మాత్రలతో, ఉప్పుతో బతుకుతాడు. తెలియకపోతే మా ఊళ్లలో దాన్ని దిష్టి అన్నారు, తల్లిపాలు పడలేదన్నారు.

మేడమ్ అసలు ప్రశ్న ఇంకా లోతుది. ఒకే రకంగా చెడిన జన్యువు ఒక ఇంట్లో బిడ్డను చంపేసి, ఇంకో ఇంట్లో బిడ్డను కాస్త కష్టపెట్టి ఎందుకు వదిలేస్తుంది? "జన్యువు ప్రతి కణంలోనూ ఉంటుందే. కానీ అన్నిచోట్లా మాట్లాడదు. ఎక్కడ మాట్లాడుతుంది, ఎవరు మాట్లాడిస్తారు, ఎంత గట్టిగా మాట్లాడుతుంది, నాకు కావాల్సింది అదీ" అనేవారు. ఉద్యోగమంతా దాని వెంటే తిరిగారు. పూర్తి జవాబు దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి ఆవిడకు సిగ్గుండేది కాదు, అడిగిన వాళ్లకే మొహమాటంగా ఉండేది.

గుంటూరులో మా ల్యాబు రెండు గదులు. తొంభైల చివర్లో నేను చేరేసరికి జన్యువు ముక్కను లక్షల ప్రతులు తీసే మిషను ఇంకా మాకు రాలేదు. మూడు నీళ్ల తొట్లు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో వేడి దగ్గర ఉంచి, చిన్న గొట్టాలను నిమిషానికోసారి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చేత్తో మార్చేవాళ్లం. అలా ముప్పై చుట్లు. గడియారం వంక చూస్తూ కూర్చుంటే నిద్రొస్తుందని మేడమ్ కథలు చెప్పేవారు. వాళ్ల మేనత్తకూ పక్కింటావిడకూ గోడ మీద తగాదా, ఎవరి పెళ్లిలోనో వియ్యపురాలు అలిగి వంటశాలలో పడుకోవడం, ఇలాంటివి. కథ మంచి పట్టులో ఉండగా "మార్చు" అనేవారు. గొట్టాలు మార్చి చూసేసరికి ఆవిడ వేరే కథలో ఉండేవారు. వియ్యపురాలు చివరికి లేచి భోంచేసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వారంలో రెండు రోజులు ఊళ్లకు వెళ్లేవాళ్లం. గుంటూరులో ఎర్రబస్సెక్కితే మిరప కళ్లాల మధ్య దిగేవాళ్లం. మార్చిలో అయితే దిగుతూనే తుమ్ములు. ఆరబోసిన కాయల పక్కన మేడమ్ నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఆ ఇంటి చుట్టరికాలన్నీ చార్టుగా గీసేవారు. మగవాళ్లకు డబ్బా, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్లకు అడ్డగీత, మేనరికానికి జంటగీత. ఒక ఊళ్లో ఒకామె తొంగిచూసి, "అదేందమ్మా, మొగోళ్లకేమో పెట్టెలు, మాకు సున్నాలా?" అంది. "పెట్టె ఎవడైనా చేస్తాడమ్మా. సున్నా గుండ్రంగా గీసి చూడు, ఎంత కష్టమో" అన్నారు మేడమ్. ఆమె మా పెన్ను లాక్కుని నిజంగానే గీసి చూసింది.

ఒంగోలు వైపు వెళ్లినప్పుడు రక్తం గొట్టాలు చల్లగా ఉంచడానికి ఐసు కావాలి. దానికి మేడమ్ కనిపెట్టిన దారి కొత్తపట్నం నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్లు. బస్టాండు పక్కన వాళ్ల గంపల దగ్గర ఐసు అడిగి మా థర్మోకోల్ పెట్టెలో వేయించుకునేవారు. "ఏం చేపలమ్మా, ఇంత చిన్న పెట్టెలో?" అని ఒకామె అడిగితే, "చేపలు కాదు, మనుషులు" అన్నారు. తిరుగు బస్సులో పెట్టె వాసనకు పక్కనవాళ్లు ముక్కు మూసుకుంటుంటే ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకునేవారు.

ఇప్పుడు మేము చేసిన తప్పు గురించి చెప్పాలి. ఆవిడ దీన్ని ప్రతి ఏటా కొత్త బ్యాచికి మొదటి క్లాసులో తానే చెప్పేవారు, కాబట్టి నేను రాస్తే తప్పులేదు. ఏడాది పాటు మేము ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న, "పిల్లలెంతమందమ్మా? పోయినవాళ్లెవరన్నా ఉన్నారా?" ఇద్దరనో ముగ్గురనో చెప్పేవాళ్లు, పోయినవాళ్లు లేరనేవాళ్లు. చార్టుల్లో అడ్డగీతలు పడేవి కావు. ఇన్ని మేనరికాలున్న ఊళ్లలో ఈ జబ్బు ఇంత తక్కువా అని మేడమ్ తల పట్టుకునేవారు. ఒకరోజు ఒక కళ్లంలో మిరపకాయల తొడిమలు తీస్తున్న ముసలమ్మ, మేము ఆమె కోడలి దగ్గర రాసుకుంటుంటే వింటూ వింటూ, "ఏం రాసుకుంటన్నారమ్మా?" అంది.

"పిల్లల సంగతి పెద్దమ్మా. పోయినవాళ్లు లేరంటగా" అన్నాను నేను.

"ఉయ్యాల ఎక్కితే గదా పిల్లలయ్యేది. ఇరవయ్యొకటో రోజు రాకముందే పోయినోళ్లు మీ లెక్కలోకి ఎట్టొస్తారు? దానికి ఇద్దరు అట్టనే పోయారు. నువ్వడిగిందానికి అది సరిగ్గానే చెప్పింది."

మేడమ్ పెన్ను మూత పెట్టేశారు. ఆ పూట ఇంకే ఇంటికీ వెళ్లలేదు. మర్నాడు ల్యాబులో మా అందరినీ పిలిచి, "తప్పు ప్రశ్నకి వాళ్లు ఒప్పు జవాబే చెప్పారు. తప్పు నాది. మళ్లీ మొదటి ఊరి నుంచి వెళ్దాం" అన్నారు. వెళ్లాం. ఏడాది పని గంగలో కలిసిందని మేము సణిగితే, గంగలో కలిసింది పని కాదు, పొగరు అన్నారు. కొత్త ప్రశ్న ఆవిడే తయారుచేశారు. అత్తగారు, మగవాళ్లు లేని చోట, ఆ తల్లిని ఒక్కదాన్నే అడగాలి. "ఎన్ని పురిటిస్నానాలు చేశావమ్మా?" బిడ్డ ఉన్నా పోయినా పురిటిస్నానం తప్పదు. ఆ ప్రశ్నకు ఆడవాళ్లు వెంటనే చెప్పేవాళ్లు కాదు. వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లు. ఒక్కొక్కళ్లు రెండో వేలి దగ్గరే చాలాసేపు ఆగేవాళ్లు. మేడమ్ తొందరపెట్టేవారు కాదు, నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు.

ఇంతవరకూ ఆవిడ తప్పు. ఇక నాది. దీన్ని ఆవిడ ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ల్యాబులో చేరినవాళ్లు మొదట తమ ఇంటి చార్టు గీయాలని నియమం. "పక్కింటి కుండ మూత తీసేముందు మన కుండ మూత తియ్యాలి" అనేవారు. నేను గీశాను. మా అక్కను మా మేనమామకే, అంటే అమ్మ చివరి తమ్ముడికే ఇచ్చారు. జంటగీత గీశాను. దాని కింద పిల్లలు లేరని రాశాను. అక్కకు అప్పటికే ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. పెద్దవాడు పన్నెండో రోజున, రెండోవాడు పద్నాలుగో రోజున. రెండోసారి నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వాడు కక్కిన పాలు నా చేత్తో తుడిచాను.

అమ్మ ముందే చెప్పింది. "ఆ సంగతులు కాలేజీలో చెప్పబాకమ్మా. మీ మామకు రెండో సంబంధం చూస్తన్నారని ఇప్పటికే నలుగురూ అనుకుంటన్నారు." నిజంగానే అనుకుంటున్నారు. అక్కకు అత్తగారు ఎవరో కాదు, మా అమ్మమ్మే. దాని పాలు మంచియి కావు అని ఆవిడే అంటుంటే ఇక బయటివాళ్లను ఏమనగలం? ఉయ్యాల ఎక్కని పిల్లలు పిల్లలు కాదుగా, నేను రాసింది అబద్ధం కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ ముసలమ్మ మాట తర్వాత అందరం మా చార్టులు సరిచేసి ఇవ్వాల్సి వచ్చింది. నేను పాతదే శుభ్రంగా మళ్లీ గీసి ఇచ్చాను. అప్పుడది అబద్ధమే. ఊరూరా తిరిగి పరాయి ఆడవాళ్ల చేత వేళ్లు లెక్కపెట్టిస్తున్నదాన్ని, నాకు తెలియక కాదు. నోరు రాలేదు.

అక్కకు మూడోసారి నెల తప్పింది. ఏడో నెలలో ఉండగా మేడమూ నేనూ పక్క ఊరికి వెళ్లాం. పని అయ్యాక, "మీ అక్కావాళ్ల ఊరు ఇటేగా, కాసిని మజ్జిగ తాగి పోదాం" అన్నారు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. అక్క మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసి ఇచ్చింది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని మేడమ్ చీర అంచు చేత్తో పట్టి చూస్తోంది. మేడమ్ గ్లాసు కింద పెడుతూ, మామూలుగా, "మొదటి కాన్పా అమ్మా?" అన్నారు.

అక్క నా వంక చూసింది. అమ్మమ్మ నా వంక చూసింది. నేను మేడమ్ చెప్పుల వంక చూశాను.

"అవునండి" అంది అక్క.

బస్సెక్కాం. రెండు స్టాపులు దాటాయి. మూడోది రాకముందే నేను మొత్తం చెప్పేశాను, ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఆవిడ ముఖం చూడకుండా. ఎందుకు అప్పుడే చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అక్క నా కోసం అబద్ధమాడటం నేను చూడటం అదే మొదటిసారి, బహుశా అందుకే. నేను ముగించేలోపే మేడమ్ లేచి నిలబడ్డారు. "కండక్టర్ గారూ, ఆపండి" అన్నారు. ఇక్కడ స్టాపు లేదమ్మా అన్నాడతను. "ఆపండి, మాకిక్కడే పని" అన్నారు.

రెండు వైపులా పత్తి చేలు. మనిషన్నవాడు లేడు. వాగు తూము మీద కూర్చున్నాం. తిడతారని చూశాను. "ఎన్నో రోజున?" అన్నారు. చెప్పాను. "వాంతులు?" అయ్యాయన్నాను. "ఇద్దరూ మగపిల్లలేనా?" అవునన్నాను. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, "ఇంకా రెండు నెలలుంది" అన్నారు. ఆ తర్వాతే నా వైపు తిరిగి, "అడిగేవాళ్లం మనమే దాచుకుంటే, వాళ్లు మనకెందుకు చెప్పాలే?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

పత్తి కూరిన బోరేలతో అటువైపు వెళ్తున్న ట్రాక్టరు ఆపి ఎక్కాం. బోరేల మీద ఆవిడ ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మళ్లీ వచ్చిన మమ్మల్ని చూసి అక్కకు అర్థమైంది. లోపలికి వెళ్లి తలుపు చాటున నిలబడింది. మేడమ్ అమ్మమ్మ మంచం మీదే ఆవిడ పక్కన కూర్చున్నారు.

"ఏందమ్మాయ్, మా ఇంటి మేనరికానికి వంక పెట్టడానికొచ్చావా?" అంది అమ్మమ్మ. "నేను ఏడుగుర్ని కన్నా. ఒక్క బిడ్డ పోలా. మా రక్తంలో వంక ఉంటే నా బిడ్డలెట్టా బతికారు?"

"మీ రక్తం మంచిదే పెద్దమ్మగారూ. పెళ్లి ఎప్పుడో అయిపోయింది, దాని ఊసు నాకెందుకు? పుట్టబోయే బిడ్డ సంగతి మాట్లాడదాం" అన్నారు మేడమ్. తర్వాత అట్ట తీసి, డబ్బాలూ సున్నాలూ గీసి, ఒక చెడు ప్రతి ఆ ఇంట్లో ఎలా దిగివచ్చిందో చూపించారు. అమ్మమ్మ తరంలో అది ఒక్కటే, అందుకే ఏడుగురూ బతికారు. దాన్ని కొడుకూ తీసుకున్నాడు, కూతురూ తీసుకుంది. కూతురి నుంచి మనవరాలికి వచ్చింది. కొడుకుదీ మనవరాలిదీ ఒక బిడ్డలో కలిస్తే రెండూ చెడ్డవే. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అలా కలవొచ్చు. "దాని పాల తప్పేమీ లేదు. మీ మనవరాలి పాలు మంచివే" అన్నారు.

అమ్మమ్మ చాలాసేపు కాగితం చూసింది. "అయితే నా కాడ్నించే వచ్చిందంటావు."

"మీ దగ్గర్నుంచో, మీ ఆయన దగ్గర్నుంచో. ఆయన దగ్గర్నుంచే అనుకోండి. పోయినాయన ఏమీ అనుకోడు."

అమ్మమ్మ నవ్వింది. మా తాతను అనే అవకాశం ఆవిడకు బతికుండగా దొరకలేదు మరి. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుని, "ఒసేయ్, ఇట్రా" అని అక్కను పిలిచింది. అక్క వచ్చి కింద కూర్చుంటే, తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. దాని పాలు మంచియి కావు అన్న మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

వారం రోజులు మేడమ్ నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ల తొట్ల దగ్గర కథలు లేవు, "మార్చు" ఒక్కటే. ఎనిమిదో రోజు నా చార్టు నా ముందు పెట్టి, సరిచేసి ఇవ్వమన్నారు. జంటగీత కింద రెండు డబ్బాలు గీసి, రెండింటికీ అడ్డగీత కొట్టి, ఒకదాని కింద పన్నెండు, రెండోదాని కింద పద్నాలుగు రాశాను. డబ్బాలు వంకరపోయాయి. ఫర్వాలేదు, ఉంచు అన్నారు.

అక్కకు గుంటూరులో కాన్పు చేయించాం. మగబిడ్డ. మూడో రోజున రక్తం తీసి హార్మోను కొలవడానికి హైదరాబాదు పంపారు. కాగితం రావడానికి టైము పడుతుంది. తొమ్మిదో రోజు పొద్దున వాడు పాలు కక్కాడు. అక్క నా వంక చూసిన చూపు నేను రాయలేను. మేడమ్ వచ్చేసరికి పిల్లల డాక్టరు ఇది మామూలు కక్కుడేలే, ఒకరోజు చూద్దామంటున్నాడు. ఆయన తప్పేమీ లేదు. బిడ్డ బొద్దుగానే ఉన్నాడు. మేడమ్ వాదించలేదు. సంచీలోంచి నా చార్టు తీసి ఆయన బల్ల మీద పరిచి, ఆ రెండు వంకర డబ్బాల మీద వేలు పెట్టారు. పన్నెండు. పద్నాలుగు. ఆయన దాన్ని చూసి, బిడ్డను చూసి, లేచి సిస్టర్ని పిలిచాడు. కాగితం వచ్చింది ఆ తర్వాత నాలుగు రోజులకు. మేడమ్ అనుకున్నదే నిజమని అందులో ఉంది. అప్పటికి వాడు మాత్ర పొడీ, ఉప్పునీళ్లూ తాగి కాళ్లు తంతున్నాడు.

పురిటిబిడ్డకు ఉప్పేమిటని ఊరంతా నోరు నొక్కుకుంది. అమ్మమ్మే అందరికీ జవాబు చెప్పింది. "డాక్టరమ్మ చెప్పింది, మీకేంది?" ఇరవయ్యొకటో రోజున ఉయ్యాల వేస్తే మేడమ్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. పెళ్లి కాని మనిషిని, ముందుకు రావడం మీకు ఇష్టమవుతుందో లేదోనని ఆగానన్నారు. అమ్మమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టింది. మేడమ్ వాణ్ని ఉయ్యాలలో పడుకోబెట్టిన తీరు చూసి నాకు నవ్వొచ్చింది. గొట్టాన్ని స్టాండులో పెట్టినట్టే, అంత జాగ్రత్తగా.

ఆవిడ వల్ల బిడ్డ నిలిచిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మా ఇల్లు ఒక్కటే కాదు. కానీ వానలు పడగానే, జ్వరాల రోజుల్లో, అక్కకు మాత్రం ఆవిడ నుంచి ఫోను వచ్చేది. మొదట్లో ఊళ్లో ఎస్టీడీ బూతుకు, తర్వాత ఇంటికి. "జ్వరం వస్తే మాత్ర?" అని అడిగేవారు. "రెట్టింపండి" అనేది అక్క. "వాంతయితే?" "ఆసుపత్రికండి." అంతే, పెట్టేసేవారు. ఇంకో మాట ఉండేది కాదు. అక్క ఆ ఫోను వచ్చేదాకా వానాకాలం వచ్చినట్టు ఒప్పుకునేది కాదు.

నేను ఆవిడ దగ్గర ఉండిపోలేదు. పీహెచ్‌డీకి ఉంచుకోవాలని ఆవిడకు గట్టిగా ఉండేది. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నరసరావుపేట వచ్చేశాను. చెప్పడానికి వెళ్తే, "అడగడం నేర్చుకున్నావు. వెతకడం నేర్చుకునే టైముకి పోతున్నావు" అన్నారు. అది నిందో ఆశీర్వాదమో అడగలేదు. మళ్లీ వస్తాను మేడమ్ అన్నాను. పండక్కో పనికో వెళ్లి చూసి వచ్చేదాన్ని గానీ, ఆ అర్థంలో మళ్లీ వెళ్లలేదు. ఇన్నేళ్లుగా నాలో ఒక మూల ఆ బల్ల ముందు కూర్చునే ఉన్నాను, ఆవిడ మార్చు అంటే మార్చడానికి. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరని నాకు తెలుసు. అయినా కూర్చునే ఉన్నాను. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

నాలుగు నెలల క్రితం ఆఖరుసారి చూశాను. రిటైరయ్యాక గదినిండా చార్టులే. మనిషి చిక్కిపోయారు, చెయ్యి వణుకుతోంది. అదే జన్యువు, అదే ప్రశ్న, ఒకడు ఎందుకు పోయాడు, ఒకడు ఎందుకు నిలిచాడు. కొత్తగా ఏదో చదివారట, కళ్లు మెరుస్తూ గంటసేపు చెప్పారు. సగం నాకు అందలేదు, అందినట్టు తలూపాను. ఆవిడకు తెలిసిపోయింది. "నీకు అబద్ధం ఎప్పుడూ సరిగ్గా రాదే" అని నవ్వారు. గేటు దాకా వచ్చి, నా ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. అంతకుముందు ఎప్పుడూ అలా నిలబడలేదు, నేను గమనించాల్సింది.

పోయిన రోజు మధ్యాహ్నం నేను నరసరావుపేట నుంచి, అక్క ఊరి నుంచి కొడుకును తీసుకుని గుంటూరు చేరాం. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. నేను చెప్పులు విడుస్తుండగా అక్క ముందు నడిచింది. గుమ్మంలో మేడమ్ తమ్ముడు నిలబడి ఉన్నారు. అక్కను ఎప్పుడూ చూడలేదాయన. చావింటికి వచ్చినవాళ్లను ఎవరైనా అడిగేదే అడిగారు. "మీరేమవుతారమ్మా?"

అక్క బయటివాళ్లతో నోరు విప్పే మనిషి కాదు. నేను అందుకుని చెప్పేలోపే, "నాకు ముగ్గురు పిల్లలండి" అంది. "పెద్దాడు బుజ్జోడు. రెండోవాడు చిన్నాగాడు. వీడు మూడోవాడు. వీణ్ని మేడమ్ గారు..." అక్కడ ఆగిపోయింది.

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. లోపలికి రండమ్మా అన్నారు. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. ఆ పేర్లు నేను ఎప్పుడూ వినలేదు. నేను గీసిన చార్టులో వాళ్లు రెండు వంకర డబ్బాలు. పన్నెండు రోజులు ఒకణ్ని, పద్నాలుగు రోజులు ఒకణ్ని ఒళ్లో పెట్టుకున్న మనిషి వాళ్లను ఏదో ఒకటి పిలుచుకునే ఉంటుందని ఇన్నేళ్లలో నాకు తోచనే లేదు. అన్ని ఊళ్లు తిరిగాం, అంతమంది తల్లుల్ని అన్ని ప్రశ్నలు అడిగాం, మేడమూ నేనూ ఈ ఒక్కటీ అడగలేదు. ఈ సంగతి వెంటనే మేడమ్‌కు చెప్పాలనుకుని గబగబా గుమ్మం దాటాను. దాటాక ఎదురుగా ఆవిడ పడుకుని ఉన్నారు.

సాయంత్రం బస్టాండుకు నడిచి వెళ్తుంటే వాడు అక్క చెయ్యి పట్టుకుని, "అమ్మా, బుజ్జోడెవరు?" అన్నాడు. అక్క నడక నెమ్మది చేసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెబుతోందో నాకు వినపడలేదు. వాడు తలెత్తి వాళ్లమ్మ ముఖంలోకే చూస్తూ నడుస్తున్నాడు, ఎదురొచ్చే ఆటోలను కూడా చూడకుండా. ఆమె ఖాళీగా ఉన్న చేతిని ఇంత ఎత్తున, ఇంత పొడవున అన్నట్టు గాలిలో పెట్టి చూపిస్తోంది. నేను నాలుగడుగులు వెనకబడి నడిచాను.